దోన్ ఇలారియోన్‌కు వారసులు కావలెను

పొద్దున్న ఎనిమిదింటికి తికాయ్ చర్చి పక్కనున్న పుస్తకాల గది తాళం తీసేది. కిటికీ తెరిచి, బల్ల తుడిచి, దాని మీద పాత పేపరు పరిచేది. పేపరు మీద ఒక గిన్నెలో నీళ్ళు, సగానికి కోసిన నాలుగు నిమ్మకాయలు, ఒక గుడ్డపీలిక పెట్టేది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, రొట్టె కాఫీలో ముంచుకు తింటూ, ఇవాళ ఏ వెర్రిమొహం వస్తుందా అని ఎదురుచూసేది. ఏదో ఒకటి రాకుండా ఉండేది కాదు. తినాగో ఊళ్ళో స్పెయిన్ తాత కోసం వెతుక్కునేవాళ్ళకి ఎప్పుడూ కరువు లేదు.

వాళ్ళని చూస్తే తికాయ్‌కి ఒళ్ళు మంట. ముక్కు కాస్త పొడుగ్గా ఉంటే చాలు, పక్కింటివాడికంటే రంగు పిసరంత తేలితే చాలు, మనవాడు అద్దం ముందు నిలబడి తాత ఏ ఓడలో దిగాడో కూడా ఊహించేసుకుంటాడు. మిగతా పదిహేనుమంది ముత్తాతలూ ఈ ఊళ్ళోనే నాట్లు వేసి, వలలు అల్లి, జ్వరాలొచ్చి పోయినవాళ్ళే. వాళ్ళ పేర్లు అడిగితే ఒక్కటీ రాదు. వాళ్ళెవరూ మనుషుల్లోకి లెక్క కాదు కాబోలు.

వీళ్ళ గొప్పంతా ఇంటిపేరులో ఉంది. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో మాత్రం గుర్తుండదు. పద్దెనిమిది వందల నలభై తొమ్మిదిలో మనీలాలోని దొరలకి దేశంలో జనం పేర్లు ఎక్కించుకోవడం కష్టమై, అక్షరాల వరసలో ఒక ఇంటిపేర్ల జాబితా అచ్చు వేయించారు. ఊరికిన్ని పేజీలు పంపారు. తినాగోకి 'ర' పేజీలు వచ్చాయి. ఊరంతా చర్చి మెట్ల మీద కూర్చుని, జాబితా చదివే గుమాస్తా వేలు ఎక్కడ ఆగితే అది తీసుకుని ఇంటికి వెళ్ళారు. ఒకడికి సేనాపతుల పేరు దక్కింది, ఒకడికి కూరగాయ పేరు దక్కింది. తికాయ్ తాతలకి దక్కింది రాబనో, అంటే ముల్లంగి. ఇవాళ్టికీ తినాగోలో 'ర' తప్ప వేరే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేరుంటే, అది బయట నుంచి వచ్చిన కోడలిదో పోలీసుదో అయ్యుంటుంది.

అయినా నమ్మరు. నమ్మనివాళ్ళ కోసమే ఆ నిమ్మచెక్కలు. తినాగో చర్చి చావుల పుస్తకాల్లో సిరా ఎప్పటిదైనా, ఆ చచ్చినవాళ్ళ రక్తం పంచుకున్న మనిషి పంక్తి మీద వేలు పెడితే చెమ్మగిల్లి వేలికి అంటుకుంటుంది. పరాయివాళ్ళు రోజంతా రుద్దినా అంటదు. పెళ్ళి సంబంధాలు కుదుర్చుకునేవాళ్ళు వరసలు కలవకుండా చూసుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆస్తి తగాదాలవాళ్ళు వచ్చేవాళ్ళు. వచ్చిన ఫాదర్లందరూ కొత్తలో అడిగేది ఒక్కటే, మరకలు నేల మీద పడకుండా పేపరు వేస్తున్నావా అని. సిరా వదలాలంటే సబ్బు పనికిరాదు, నిమ్మచెక్కే కావాలి.

తికాయ్ పూర్తి పేరు ఎస్కొలాస్తికా రాబనో. యాభై ఆరేళ్ళు, భర్త పోయి పదేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో పని. ఎందరి పొగరు ఆ బల్ల మీద దిగిపోవడం చూసిందో లెక్కలేదు. ఒక స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు తాను గవర్నరు మునిమనవణ్ణని చెప్పుకుంటూ వచ్చి, గుర్రాల దొంగ పంక్తి మీద చెయ్యి నల్లగా చేసుకుని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఎవరితోనూ అనొద్దని బతిమాలాడు. తికాయ్ ఆ సాయంత్రమే చేపల బజారులో అందరికీ చెప్పింది.

అక్టోబరు మొదటి వారంలో ఎవరిస్తో రివాదెనేరా వచ్చాడు. మనీలా ఓడరేవులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఊళ్ళో దిగిన రోజు నుంచీ తనని స్పెయిన్ దొరల్లాగా దోన్ ఎవరిస్తో అనమని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఊరు మటుకు బరిస్తో అనే పిలిచేది. ఎండ మండిపోతుంటే కోటు వేసుకుని, చంకలో ఒక పటం చుట్ట పెట్టుకుని లోపలికి వచ్చాడు. అతని వెనక ఫాదర్ క్రిస్పులో వచ్చి, అలవాటు ప్రకారం ముందు కుర్చీ చూసుకున్నాడు.

"కూర్చో తికాయ్, ఇది నీకూ సంబంధించిన విషయమే," అన్నాడు ఫాదర్, జేబులోంచి కవరు తీస్తూ.

విషయం చర్చి వెనకనున్న నేల గురించి. ఏటి ఒడ్డున పన్నెండు ఇళ్ళు. ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళు, పడవల మీద వెళ్ళేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు అక్కడ ఉంటారు. ఏడో ఇల్లు తికాయ్‌ది. ఆ నేల చర్చిదని అందరూ అనుకుంటూ వచ్చారు. బిషప్పు గారి ఆఫీసులో పాత పెట్టె విప్పితే ఒక వీలునామా బయటపడింది. నేల దోన్ ఇలారియోన్ రివాదెనేరాది. స్పెయిన్ నుంచి పద్దెనిమిది వందల అరవై రెండులో వచ్చి, జనపనార వ్యాపారంలో బలిసి, ఎనభై నాలుగులో ఈ ఊళ్ళోనే పోయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు.

ఫాదర్ చదివాడు. "ఈ నేల నా రక్తం పంచుకున్నవారికి చెందును. అట్టివారు లేనిచో ఈ ఊళ్ళో నా ఇంటిపేరు గలవారికి చెందును. వారు వచ్చువరకు చర్చి పేదలకు ఇచ్చి ఉంచవచ్చును." కాగితం మడిచి అన్నాడు, "నవంబరు మొదట్లో వచ్చే సమాధుల పండుగ మధ్యాహ్నం పన్నెండింటి వరకూ గడువు పెట్టారు. నా ఎదుట, పుస్తకం మీద వేలు పెట్టి తేల్చాలి."

"తేలేదేముంది, తేలిపోయింది," అన్నాడు ఎవరిస్తో. పటం విప్పి బల్ల నిండా పరిచాడు. మనీలాలో ఎవరి చేతో రంగులు వేయించిన వంశవృక్షం. పైన ఒక డాలు, డాలుకి అటూ ఇటూ రెండు సింహాలు. సింహాలు రెండూ తిండిలేక ఎండిన పిల్లుల్లా ఉన్నాయి. "అక్కడ ఈతకొలనుతో హోటలు కడతాను. ఊరికి పేరొస్తుంది."

"మరి మేమెక్కడికి పోవాలి దోన్ గారూ?" అంది తికాయ్.

"లోకం గొడ్డుపోయిందా ఏంటి? కొండ వైపు బోలెడు చోటుంది."

కొండ వైపు బోలెడు చోటే ఉంది, నీళ్ళు లేవు. రేవు రెండు గంటల నడక. చేపలమ్మేవాళ్ళు కొండ మీద కూర్చుని ఏం అమ్మాలో ఎవరిస్తో చెప్పలేదు. తికాయ్ పటం మీదకి వంగి చూసింది.

"మీ తాతగారికీ దోన్ ఇలారియోన్‌కీ మధ్యలో ఒక కొమ్మ ఖాళీగా ఉందేంటండీ?"

"ఆ కాగితాలు చెదలు తినేశాయి."

"చెదలకి ఎక్కడ తినాలో భలే తెలుసు," అంది తికాయ్.

ఆమె లేచి బీరువాలోంచి యాభై అయిదో సంవత్సరం పుస్తకం తెచ్చింది. కలరా ఏడాది కాబట్టి లావుగా ఉంటుంది. వెదురుపుల్లతో పేజీలు తిప్పి ఒక చోట ఆగి చదివింది. "బ్రూనో రివాదెనేరా. ఈ ఊరివాడే. ఫాదర్ల పందులు కాసేవాడు. కలరాతో పోయాడు. అందరి గోతిలోనే పూడ్చారు." తలెత్తింది. "దోన్ ఇలారియోన్ ఓడ దిగడానికి ఏడేళ్ళ ముందే ఈ ఊళ్ళో రివాదెనేరాలు చచ్చారండీ. ఒకసారి వేలు పెట్టండి."

"నేనెందుకు పెట్టాలి? పందులవాడి మీద?"

"మీ రక్తం కాకపోతే అంటదు కదా. భయమెందుకు?"

ఫాదర్ కూడా చూస్తున్నాడు. ఎవరిస్తో చూపుడువేలు ఆనించీ ఆనించనట్టు ఆనించాడు. సిరా రెండో కణుపు దాకా పాకింది. కోటు చేతికి అంటకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. తికాయ్ అతని వైపు నిమ్మచెక్క జరిపింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం ఆమెకి ఏడాది జీతమంత సంతోషం కలిగింది.

తర్వాత ఎనభై నాలుగో సంవత్సరం పుస్తకం తీసింది. దోన్ ఇలారియోన్ పంక్తి పేజీ మొదట్లోనే ఉంది, మిగతావాటికి రెట్టింపు అక్షరాలతో. ఎవరిస్తో కడుక్కున్న వేలు పెట్టాడు. నొక్కాడు. ఇంకో వేలు పెట్టాడు. పొడి దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

ముఖం మాడుతుందని తికాయ్ అనుకుంది. అతను నవ్వాడు. "పోనీలెండి. వీలునామాలో రెండో మాట ఉందిగా ఫాదర్. రక్తం లేకపోతే పేరు. తినాగోలో రివాదెనేరా అనేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పందులవాడి దగ్గర నుంచి వచ్చినా పేరు పేరే."

ఫాదర్ ఇబ్బందిగా దగ్గాడు. "అలాగే రాసి ఉందమ్మా. పండుగ మధ్యాహ్నం లోపల రక్తం ఉన్నవాళ్ళు ఎవరూ రాకపోతే అతనికే ఇవ్వాలి."

ఇరవై రెండేళ్ళు ఈ ఊరి తిండి తిని, ఈ ఊళ్ళో ఒక్కడి పేరు కూడా అడిగి తెలుసుకోని మహానుభావుడు ఆ దోన్ ఇలారియోన్. తన పేరు ఇక్కడ తనకొక్కడికే ఉందనుకున్నాడు. వీధి చివర పందులవాడి కొడుక్కి అదే పేరుందని ఆయనకి తెలిస్తే ఆ రెండో మాట రాసేవాడు కాదు. ఆయన పట్టించుకోనితనం ఇప్పుడు పన్నెండు కుటుంబాల నెత్తిన పడింది.

మర్నాటి నుంచి ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళూ గది ముందు వరసకట్టారు. ఇన్నేళ్ళుగా దోన్ పంక్తి మీద చెయ్యి పెట్టిందంతా పెద్దిళ్ళవాళ్ళే. ఏటి ఒడ్డువాళ్ళకి ఆ సరదా ఎప్పుడూ లేదు. ఇప్పుడు ముసలివాళ్ళు వచ్చారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు వచ్చారు, చేపల పొలుసులు అంటిన చేతులు పావడాలకి తుడుచుకుంటూ వచ్చారు. నలభై మూడు మంది పెట్టారు. నలభై మూడు వేళ్ళూ పొడిగానే వెళ్ళాయి. మామూలు రోజుల్లో అయితే అది వాళ్ళ అదృష్టమని తికాయ్ అనేది.

ఆఖరున వచ్చింది ఇసాంగ్. ఆరో ఇల్లు ఆమెది, ఎండుచేపల వ్యాపారం, నోరు కాస్త ఎక్కువ. వేలు పెట్టి చూసుకుని పెదవి విరిచింది.

"నా మొహానికి అంత భాగ్యమా. సరే, నువ్వెప్పుడు పెడతావక్కా?"

"నేను పుస్తకాలు కాసేదాన్ని."

"కాసేదానికి వేళ్ళుండవా?"

"ఉంటే మాత్రం?"

"ఏం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ గదిలో ఉన్నావు, ఒక్కసారీ నీ చెయ్యి నల్లగా చూడలేదు. వెదురుపుల్లతో తిప్పుతావు. పుస్తకమంటే మర్యాద కాబోలు అనుకునేదాన్ని." ఇసాంగ్ బల్ల మీదకి వంగి గొంతు తగ్గించింది. "మీ అమ్మమ్మ దామ్యానా నాకు బాగా గుర్తక్కా. ఆమె కళ్ళు బూడిద రంగు."

"అవి నావికుడి కళ్ళు."

"విసాయస్ దీవుల నావికుడికి బూడిద కళ్ళా?"

"ఇంటికి వెళ్ళు ఇసాంగ్. చేపలకి ఈగలు ముసురుతున్నాయి," అంది తికాయ్.

నావికుడి కథ ఏటి ఒడ్డున అందరికీ తెలుసు. తికాయ్ ముత్తవ్వ మాతియా బట్టలు ఉతికేది. ఇరవై ఏళ్ళ వయసులో, దక్షిణాన దీవుల నుంచి ఉప్పుకుండలు తెచ్చిన పడవ మీద తెరియో అనే కుర్రవాడు వచ్చాడు. మూడు వారాలు ఉన్నాడు. పెళ్ళి ఉంగరం కొనుక్కొస్తానని సెబూ వెళ్ళి, తిరిగి వస్తుంటే తుఫానులో మునిగిపోయాడు. ఆ తర్వాత దామ్యానా పుట్టింది. జ్ఞానస్నానాల పుస్తకంలో తండ్రి పేరు దగ్గర ఏమీ రాయలేదు, పెళ్ళి కాకుండానే పోయాడు కాబట్టి. తికాయ్ ఇంట్లో ప్రతి పెళ్ళికీ ఈ కథ చెప్పుకునేవాళ్ళు. ఉంగరం ఎలా ఉండి ఉంటుందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవాళ్ళు. ముల్లంగి ఇంటిపేరుతో, ఎండుచేపల వాసనతో బతికిన ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక అందమైన సంగతి అది.

దామ్యానా చనిపోయే ముందు తికాయ్ చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. ఆ పుస్తకాల గదిలో ఎప్పుడు పనికి కుదిరినా, దోన్ ఇలారియోన్ పంక్తి ముట్టుకోవద్దు. ఎందుకో చెప్పలేదు. మాతియా దోన్ ఇంటి దుప్పట్లు ఉతికేదని, వారానికి రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళేదని మాత్రం తికాయ్‌కి తెలుసు. అంతకుమించి ఆలోచించకుండా ఇరవై తొమ్మిదేళ్ళు గడిపింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్న చామాకు తరుగుతూ ఆలోచించింది. సముద్రంలో పోయినవాళ్ళకి చావుల పుస్తకంలో పంక్తి ఉండదు. కాబట్టి తెరియో మీద వేలు పెట్టి చూసే వీలే లేదు. ఎవరిస్తోకి చెదలు ఎంత చక్కగా కలిసొచ్చాయో, తన ఇంటికి తుఫాను అంత చక్కగా కలిసొచ్చింది. ఇంతకాలం పుస్తకాల గదిలో కూర్చుని, లేని తాతల్ని పట్టుకుని వేళ్ళాడేవాళ్ళని వెక్కిరించింది. ఇంట్లో తానూ ఒకణ్ణి పెట్టుకునే ఉంది. కాకపోతే తనవాడు పేదవాడు, మంచివాడు. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. చామాకు కొబ్బరిపాలలో వేసి పొయ్యి మీద పెట్టి, మాడిపోయేదాకా అక్కడే కూర్చుంది.

అయినా ముట్టుకోవాలని అనుకోలేదు. ముట్టుకుంటే రేపు బజారులో జనం ఏమంటారో ఆమెకి తెలుసు. ఎదుటివాళ్ళ గుర్రాల దొంగల్ని చేపల బజారులో చాటింది తనే కదా. మాతియా గురించి ఆడవాళ్ళు మూతులు తిప్పుకుంటూ మాట్లాడుకుంటారు. చచ్చి వందేళ్ళైన మనిషికి ఇంకెవరు అడ్డు నిలబడతారు? తను నిలబడాలి. కొండ మీదకి పోవాల్సి వస్తే పోతాననే అనుకుంది. మిగతా పదకొండు ఇళ్ళ సంగతి వచ్చేసరికి ఆలోచన ఆపేసేది.

సమాధుల పండుగ రోజు పొద్దున్నుంచే ఊరంతా శ్మశానంలో ఉంది. సమాధులకి సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వాటి మీదే అన్నాలూ బిబింకా రొట్టెలూ సర్దుకుని, చుట్టాలందరూ పేకాడుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరిస్తో ఇద్దరు మనుషుల్ని, ఒక కొలతల టేపునీ వెంటబెట్టుకుని వచ్చాడు. పన్నెండు కొట్టకముందే వాళ్ళని ఏటి ఒడ్డుకి పంపించాడు. వాళ్ళు ఇసాంగ్ పందులదొడ్డి మధ్యలో ఒక మేకు దిగ్గొట్టి వచ్చారు.

"నా దొడ్లో మేకెందుకురా బరిస్తో?" అంది ఇసాంగ్.

"అక్కడ ఈతకొలను లోతు ఎక్కువుంటుంది," అన్నాడు ఎవరిస్తో తాపీగా. ఎవరో ఇచ్చిన కల్లు గ్లాసు అందుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకి దోన్ ఇలారియోన్ గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన గుర్రాలు, ఆయన గోదాములు. "రక్తం రక్తం అంటారు గానీ, అసలు ఆయన రక్తం లేనివాళ్ళెంతమంది? మగాడంటే ఆయన. ఇంటికి బట్టలు తేవడానికి వచ్చిన ప్రతి పిల్లనీ, మడతలు విప్పించకుండా పంపేవాడు కాదట." అని తనే నవ్వాడు. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

తికాయ్ అమ్మమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తోంది. ఆ నవ్వు విన్నది. ఆమెకి కోపం రాలేదు, ఒక విషయం అర్థమైంది. తాను ముట్టుకున్నా ముట్టుకోకపోయినా మాతియాని కాపాడేది ఏమీ లేదు. ఇలాంటివాళ్ళ నోట్లో ఆమె ఎప్పుడో పడింది. పేరు లేకుండా, అందరితో కలిపి. ఇన్నేళ్ళూ తను కాపలా కాసింది మాతియా పరువుకి కాదు, ఆ దోన్ గారి పరువుకి.

కొవ్వొత్తి నిలబెట్టి లేచి పుస్తకాల గదికి నడిచింది. ఎందుకో ఇసాంగ్‌కి తెలిసిపోయింది. ఆమె వెనకే బయల్దేరింది. ఆమె వెనక ఏటి ఒడ్డువాళ్ళు, వాళ్ళ వెనక తమాషా చూడ్డానికి మిగతా ఊరు, చేతుల్లో రొట్టెముక్కలతోనే. ఫాదర్ క్రిస్పులో గడియారం ముందు పెట్టుకుని కునుకుతున్నాడు. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది.

"ఫాదర్ గారూ, లేవండి. మీ ఎదుట పెట్టాలన్నారుగా."

వెదురుపుల్ల తీసుకోలేదు. చేత్తోనే పేజీలు తిప్పింది. దోన్ పంక్తి దగ్గర ఆగి, మొదటి అక్షరం మీద చూపుడువేలు ఆనించింది. ఆనించిందో లేదో సిరా ఊరింది. వందేళ్ళుగా ఎవరికీ అంటనిదంతా ఒక్కసారి పైకి వచ్చినట్టు వేలు నిండి, అరచెయ్యి నిండి, మణికట్టు దాకా పాకి పేపరు మీద కారింది. ఫాదర్ గడియారం పక్కకి జరుపుకున్నాడు.

అంత మందిలో ఏదో ఒక పెళ్ళిలో ఆ కథ విననివాళ్ళు లేరు. తెరియో అనే నావికుడు ఆ రోజు రెండోసారి మునిగిపోయాడు. తికాయ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికోసం ఏడ్చింది, అంతే.

"మా ముత్తవ్వ మాతియా రాబనో ఇతని ఇంటికి దుప్పట్లు ఉతకడానికి వెళ్ళేది," అంది అందరికీ వినబడేలా. "పెళ్ళీ లేదు, ఉంగరమూ లేదు. ఆమెని ఎవరూ అడగలేదు. ఎవరికైనా నవ్వాలనుంటే ఇప్పుడు నా ఎదురుగా నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఇసాంగ్ రెండు నిమ్మచెక్కలు తీసుకుని, తికాయ్ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని రుద్దడం మొదలుపెట్టింది.

అప్పుడు ఎవరిస్తో జనాన్ని తోసుకుంటూ ముందుకి వచ్చాడు. అతని ముఖంలో ఓడిపోయినవాడి లక్షణాలేమీ లేవు. గొంతు మాత్రం పూర్తిగా మారిపోయింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా చెల్లీ? రివాదెనేరాలం మనం ఇద్దరమే మిగిలాం. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రావాలి. నేల గురించి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. ఎంతైనా ఒక ఇంటివాళ్ళం."

"మీ తాత పందుల్ని కాశాడు," అంది తికాయ్. "మా ముత్తాత పంది. మన మధ్య చుట్టరికం ఎక్కడిదండీ?"

ఇసాంగ్ ముందు నవ్వింది. తర్వాత ఏటి ఒడ్డంతా నవ్వింది. ఫాదర్ నవ్వకూడదు కాబట్టి పుస్తకంలో తలదూర్చి తేదీ రాసుకున్నాడు. ఎవరిస్తో భోజనానికి వేళైందని వెళ్ళిపోయాడు. దొడ్లో మేకు ఇసాంగ్ ఆ సాయంత్రమే పీకి, పందికి తాడు కట్టుకోవడానికి వాడుకుంది.

డిసెంబరులో కాగితాలు వచ్చాయి. తికాయ్ నేలని పన్నెండు ముక్కలుగా రాయించి, పన్నెండు ఇళ్ళవాళ్ళ పేర్ల మీద పెట్టించింది. సంతకాలు అయ్యాక కూడా ఫాదర్ కుర్చీలోంచి లేవలేదు.

"బిషప్పు గారు అడగమన్నారు. కావాలంటే నువ్వు రివాదెనేరా అని రాసుకోవచ్చట."

"ముల్లంగికి ఏం తక్కువైంది ఫాదర్?"

"నేనూ అదే అనుకున్నాను. ఇంకొకటుంది. చర్చి లోపల బలిపీఠం పక్కన దోన్ ఇలారియోన్ సమాధి మీద చలువరాయి ఉందిగా. ఇటలీ నుంచి తెప్పించిందట. జనవరిలో లోపల కొత్త నేల వేయిస్తున్నాం. ఆ రాయి వారసుల సొత్తు. పాలిష్ పట్టించి గోడకి నిలబెట్టించమంటావా?"

తికాయ్ నేల కాగితాలు మడిచింది. "నా సొత్తేనా?"

"నీదే."

"అయితే ఏటికి పంపించండి. బట్టలుతికే చోట మాకు సరైన బండ లేదు."

ఫాదర్ ఆమె ముఖంలోకి చూసి, వేళాకోళం కాదని తెలుసుకుని, సరే అన్నాడు. ఎనిమిది మంది మోకులు కట్టి మోశారు. రాయి వీధిలో వెళ్తుంటే ఎవరిస్తో ఇంటి ముందు టోపీ తీసి నిలబడ్డాడు, ఎవరో పెద్దమనిషి శవం పోతున్నట్టు. మోసేవాళ్ళు ఒకసారి అతని గుమ్మం ముందే దించి చుట్టలు కాల్చుకున్నారు.

అక్షరాలు పైకి ఉండేలా నీటి అంచున వేశారు. ఏటి ఒడ్డు ఆడవాళ్ళకి రాయి బాగా నచ్చింది. నున్నగా ఉంది, బట్ట చిరగదు, నలుగురు పక్కపక్కన ఉతుక్కోవచ్చు. మొదటి రోజు అందరూ మూటలతో వచ్చారు. తికాయ్ ఒక్కతే ఉత్త చేతులతో వచ్చింది. పావడా మోకాళ్ళ దాకా ఎత్తి, రాయి చివర కూర్చుని, కాళ్ళు నీళ్ళలో నానబెట్టింది. తర్వాత ఒక కాలు పైకి తీసి, దోన్ గారి పేరు చెక్కిన చోట మడమ పెట్టి గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. చెక్కుడు అంచులు ఇంకా గరుకుగానే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆమె మడమల పగుళ్ళలో పేరుకున్న మట్టి తెల్లరాయి మీద నల్లగా దిగింది.

"వదులుతోందా అక్కా?" అంది ఇసాంగ్, దుప్పటి పిండుతూ.

"ఇన్నాళ్ళకి ఇంట్లోవాళ్ళకి ఒక పనికొచ్చాడు," అని తికాయ్ రెండో కాలు పెట్టింది.